పసుపు రంగు క్వెస్ట్‌లో ప్రాణం ఎందుకు పోతోంది?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో కొత్తగా క్యారెక్టర్ మొదలుపెట్టినవాళ్లు తొలి రోజుల్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "నాది 6వ లెవెల్. ఫార్గోడీప్ గని క్వెస్ట్ నా లాగ్‌లో పసుపు రంగులో కనిపిస్తోంది. అంటే నాకు తగినదే కదా! మరి గనిలోకి దిగిన ప్రతిసారీ ఎందుకు చచ్చిపోతున్నాను?"

ఇలా అడిగేవాళ్లలో చాలామంది లోపం తమ ఆటలోనే ఉందనుకుంటారు. కొందరు అక్కడితో ఆట వదిలేస్తారు కూడా. అలా వదిలేయాల్సిన పని లేదు. ఆ రంగు చెప్పేది చాలా తక్కువ. మనం దాని నుంచి ఎక్కువ ఆశిస్తున్నాం.

క్వెస్ట్ రంగు ఒకే ఒక్క లెక్క మీద నిర్ణయమవుతుంది: క్వెస్ట్ లెవెల్‌లోంచి మీ లెవెల్ తీసివేయడం. తేడా రెండు లోపు ఉంటే పసుపు. క్వెస్ట్ మీకంటే మూడు నాలుగు లెవెల్స్ పైన ఉంటే నారింజ, ఐదు లేదా అంతకంటే ఎక్కువైతే ఎరుపు. మీకంటే మూడు లేదా అంతకంటే ఎక్కువ లెవెల్స్ కింద ఉంటే ఆకుపచ్చ, మరీ కిందికి పోతే బూడిద రంగు. ఈ లెక్కలో మీ చేతిలోని కత్తి లేదు, మీరు ఏ క్లాస్ అన్నది లేదు, అక్కడ ఎంతమంది శత్రువులు గుంపుగా నిలబడి ఉన్నారన్నదీ లేదు.

అలాగని రంగు అబద్ధం చెప్పదు. మీతో సమాన లెవెల్ ఉన్న శత్రువు మీద మంత్రం వేస్తే వందకు 4 సార్లు తప్పుతుంది. ఒక లెవెల్ పైనున్నవాడి మీద 5, రెండు లెవెల్స్ పైనైతే 6. మూడు లెవెల్స్ పైనైతే అది ఒక్కసారిగా 17కు ఎగబాకుతుంది. పసుపు ఆగి నారింజ మొదలయ్యేది కూడా సరిగ్గా మూడో లెవెల్ తేడా దగ్గరే. కాబట్టి నారింజ రంగు చూసి వెనకడుగు వేయడం తెలివైన పని.

పసుపులో ప్రాణం తీసేది వేరే ఉంది. అది శత్రువుల సంఖ్య.

గనిలో ఉండే కోబోల్డ్ అనే శత్రువును ఒకడిని చంపేలోపు వాడు మీ హెల్త్‌లో పది పాయింట్లు తీస్తాడనుకుందాం. ఇద్దరిని విడివిడిగా చంపితే పోయేది ఇరవై, అదీ మధ్యలో కూర్చుని రొట్టె తినే వ్యవధితో. ఆ ఇద్దరూ ఒకేసారి మీద పడితే? మొదటివాడు చచ్చేవరకు ఇద్దరూ కొడుతుంటారు, ఇరవై పోయింది. తర్వాత రెండోవాడు ఇంకో పది. మొత్తం ముప్పై. ముగ్గురు ఒకేసారి వస్తే ముప్పై, ఇరవై, పది కలిపి అరవై. శత్రువులు మూడు రెట్లయితే దెబ్బ ఆరు రెట్లయింది. కొత్త క్యారెక్టర్ దగ్గర అంత హెల్త్ ఉండదు. కాపాడుకునే విద్యలూ ఇంకా రాలేదు.

గనులు, గుహలు అందుకే అంత ప్రమాదం. సమాన లెవెల్ శత్రువు సుమారు 20 గజాల దూరం నుంచే మిమ్మల్ని పసిగడతాడు. మీకంటే పై లెవెల్ వాడైతే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. ఇరుకు సొరంగంలో పక్కకు తప్పుకునే చోటే ఉండదు. మనుషుల్లా నడిచే శత్రువులు చాలామంది చావు దగ్గరపడగానే పారిపోతారు, పోయి మరొకరిని వెంటబెట్టుకొస్తారు. ఈలోగా మీరు దారిలో చంపి వచ్చినవాళ్లు మళ్లీ పుట్టి, బయటికి వెళ్లే దారిలో నిలబడి ఉంటారు. ఫార్గోడీప్ గని ఉన్న ఎల్వన్ అడవిలోనే 'ప్రిన్సెస్' అనే పందిని చంపమనే క్వెస్ట్ ఉంది. పందే కదా అని వెళ్తారు. దాని పరివారంగా తిరిగే పందులు కూడా కలిసి మీదికొస్తాయి.

క్లాస్ తేడా కూడా చిన్నది కాదు. వార్‌లాక్‌కు మొదట్లోనే ఇంప్ తోడు దొరుకుతుంది. హంటర్‌కు పెంపుడు జంతువు 10వ లెవెల్‌లో గాని రాదు. వారియర్ ఎదురెదురుగా నిలబడి ప్రతి దెబ్బా కాయాల్సినవాడు. ముగ్గురికీ క్వెస్ట్ రంగు మాత్రం ఒకటే. ఆయుధం సంగతీ గమనించండి: ఎక్కువ డ్యామేజ్ ఉందని కొత్త రకం గొడ్డలి పట్టుకుంటే, దాని నైపుణ్యం 1 నుంచి మొదలవుతుంది. అది పెరిగేవరకు దెబ్బలు గాలిలోకే పోతుంటాయి.

మరి ఎలా గట్టెక్కాలి? ముందుగా, తొందరపడకండి. దాదాపు ఎవరూ పట్టించుకోని నియమం ఒకటుంది. క్వెస్ట్ లెవెల్ కంటే మీరు ఐదు లెవెల్స్ పైకి వెళ్లేవరకు దాని ఎక్స్‌పీ పూర్తిగా వస్తుంది, ఒక్క పాయింటూ తగ్గదు. లాగ్‌లో 20 క్వెస్ట్‌లు పడతాయి. కాబట్టి 7వ లెవెల్ గని క్వెస్ట్‌ను అలా ఉంచి, బయట మైదానంలో తోడేళ్లతోనో, వేరే పనులతోనో 8 లేదా 9కి చేరుకుని వెళ్లినా మీకు నష్టమేమీ లేదు. ఇంకా పైకి వెళ్లాక ఆకుపచ్చ రంగులో క్వెస్ట్ చేయడమూ నామోషీ కాదు.

గని దగ్గరికి చేరాక లోపలికి దూసుకుపోకుండా, అంచున ఉన్న ఒక్కడిని దూరం నుంచి కొట్టి మీ వైపు రప్పించండి. ఆటగాళ్లు దీన్నే పుల్ చేయడం అంటారు. వాడు వచ్చేలోపు నాలుగడుగులు వెనక్కి జరిగి, ఇప్పటికే ఖాళీ చేసిన చోట పోరాడితే, పారిపోయినా పిలుచుకురావడానికి దగ్గర్లో ఎవరూ ఉండరు. హెల్త్ సగానికి పడితే కూర్చుని తినండి. సరి లెవెల్ వచ్చినప్పుడల్లా ట్రైనర్ దగ్గరికి వెళ్లి కొత్త విద్య నేర్చుకోండి. లినెన్ గుడ్డ ముక్కలు అమ్మేయకుండా ఫస్ట్ ఎయిడ్ నేర్చి కట్లు తయారుచేసుకోండి. వాండ్ వాడగల మంత్రాల క్లాస్ అయితే 5వ లెవెల్‌లో ఒకటి సంపాదించండి. మానా అయిపోయాక కూడా అది పోరాడుతుంది.

ఇంత కష్టం ఎందుకు పెట్టారన్నది న్యాయమైన ప్రశ్నే. 2004 నవంబర్‌లో ఈ ఆట విడుదలైనప్పుడు లెవెల్స్ పెంచుకోవడమే చాలావరకు ఆట. పక్కనున్న అపరిచితుడిని సాయం అడగాల్సి రావడం ఆ ఆటలో ఒక భాగం. తర్వాత ఆటను తయారుచేసిన కంపెనీ ఆధునిక వెర్షన్‌లో దారి మార్చింది. 2018లో ప్రాంతాల లెవెల్ ఆటగాడితో పాటు పెరిగేలా చేశారు. 2020లో కొత్తవారి కోసం ఎగ్జైల్స్ రీచ్ అనే ప్రత్యేక ద్వీపం తెచ్చి అన్నీ ఒక్కొక్కటిగా నేర్పడం మొదలుపెట్టారు. 2019లో వచ్చిన క్లాసిక్ మాత్రం పాత పద్ధతినే ఉంచింది. నా మట్టుకు ఆ పాత కష్టమే మేలైనది. కాకపోతే దాని లెక్కలు కొత్తవారికి ఎవరో ఒకరు చెప్పాలి.

క్లాసిక్‌లో 10వ లెవెల్ వరకు చనిపోతే శ్మశానంలో ఉండే స్పిరిట్ హీలర్ దగ్గర లేచినా నీరసం అంటదు. ఆ వెసులుబాటు మీ కోసమే ఉంది, భయపడకుండా ప్రయత్నించండి. 2023లో వచ్చిన హార్డ్‌కోర్ సర్వర్లలో మాత్రం ఒక్క ప్రాణమే. ఎక్కడ ఆడుతున్నా, ఎల్వన్ అడవి పడమటి అంచున తిరిగే 11వ లెవెల్ ఎలీట్ శత్రువు, నోల్ జాతి హాగర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. దారిలో కనిపించిన ఇద్దరు ముగ్గురిని పిలుచుకు వెళ్లండి.