చుట్టుదారే త్వరగా చేర్చింది

గ్లోబుపై ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి చూడండి. అది ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. దాని కొలత సుమారు 12,400 కిలోమీటర్లు. అయితే ప్రయాణ కాలాన్ని నిర్ణయించేది దూరమొక్కటే కాదు. విమానాలెగిరే ఎత్తులో గాలి సాధారణంగా పడమటి నుండి తూర్పునకు బలంగా వీస్తుంది.

2016 అక్టోబరులో, నాడు ప్రభుత్వరంగ సంస్థయైన ఎయిర్ ఇండియా, అట్లాంటిక్ మార్గం విడిచి పసిఫిక్ మీదుగా విమానం నడిపింది. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా వెనుకనుండి తోసే గాలి తోడై, ప్రయాణం పద్నాలుగున్నర గంటలలోనే ముగిసింది. భాగించి చూడండి: సగటున గంటకు 1,055 కిలోమీటర్లు! ఇంధనం సంగతి సరే, పిల్లలను చూడబోయే పెద్దల మోకాళ్ళకు ఒక్క గంట తగ్గినా ఊరటే.

తిరిగి వచ్చేటపుడు పసిఫిక్‌పై అదే గాలి ఎదురవుతుంది గనుక అప్పట్లో అట్లాంటిక్ మీదుగా వచ్చేది. రానుపోను కలిపితే భూప్రదక్షిణమే అయ్యేది.