మ్యాంగో: కాయయా, పండా?

గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు కొత్తపేటలో నున్న కాలమున నొక వృద్ధ రైతు తన తక్‌పట్టీని నాకు చూపి, "అయ్యా, ఇందేమి వ్రాసినారు?" అని యడిగెను. ఇంగ్లీషున "మ్యాంగో" అని యున్నది. "మామిడి" యంటిని. "కాయ యనియా, పండనియా?" అని మరల ప్రశ్నించెను. నాకు బదులు తోచలేదు. ఊరగాయకు కోసిన కాయకును, మాగిన పండునకును ధర యొకటి గాదు గదా!

ఆ మాటకు ఇంగ్లండు పుట్టినిల్లు గాదు. తమిళమున మామిడికాయను "మాంగాయ్" అందురు. "మా" యనగా మామిడి. "కాయ్" మన కాయయే. మలయాళమున "మాంగ". మలబారు తీరమున వర్తకము చేసిన పోర్చుగీసువారు దానిని "మంగా" యనిరి. వారి నుండి ఇంగ్లీషువారికి సంక్రమించెను. కాయ పేరే పండునకును స్థిరపడినది! తమిళులు మాత్రము పండును "మాంపళం" అని వేరుగా చెప్పుదురు, మనము మామిడిపండనునట్లే. ఇంగ్లీషున నా భేదము తెలియవలెనన్న ముందు "రా" అనియో "రైప్" అనియో చేర్చవలెను.

వింత యొకటి గలదు. దూరప్రయాణమున చెడకుండుటకై తొలుత మామిడి ఇంగ్లండునకు ఊరగాయగనే చేరెడిది. అందుచే 18వ శతాబ్దిలో నచటివారు దోసకాయను ఊరబెట్టినను "మ్యాంగో" యనిరి. మన ఆవకాయ జాడీల యెదుట నీ మాట చెప్పిన నవ్వుదురు!

ఆ మార్కెట్టు 2022 నాటికి బాటసింగారమునకు తరలినది. అచటికి సరకు గొనిపోవువారు, "మ్యాంగో" యను మాటతో తృప్తిపడక, ప్రక్కన కాయయో పండో తెలుగున వ్రాయించుకొనుడు.