మన ఊరి లెక్క ఏ పుస్తకంలో ఉంది?

ఊళ్లో కొత్తగా సిమెంటు రోడ్డు పడిందంటే దాని జాతకమంతా ఒక పుస్తకంలో ఉంటుంది. పొడవెంత, వెడల్పెంత, మందమెంత, ఘనపు మీటరుకు రేటెంత, ఏ తేదీన ఎవరు కొలిచారు, ఆ కొలతను పై ఇంజినీరు ఎప్పుడు సరిచూశారు... అన్నీ వరసగా రాసి కింద సంతకాలు పెడతారు. ఇంజినీర్లు దాన్ని ఎం-బుక్ అంటారు. అందులో కొలతలు పడితేనే కాంట్రాక్టరుకు బిల్లు పాసవుతుంది. ఊరంతా రోజూ నడిచే రోడ్డు వివరాలున్న ఆ పుస్తకాన్ని ఊళ్లో చూసినవాళ్లు మాత్రం అరుదు.

చూస్తే ఏం తెలుస్తుంది? ఎం-బుక్‌లో పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు అని ఉందనుకుందాం. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు అయినట్టు. రోడ్డు అంచున మట్టి తీసి టేపు పెట్టి చూస్తే మందం 10 సెంటీమీటర్లే వచ్చిందనుకుందాం. అప్పుడు అక్కడ పోసింది 30 ఘనపు మీటర్లే. మూడో వంతు కాంక్రీటు రోడ్డు మీదికి రానే లేదు. ఈ సంగతి తేల్చడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. కావాల్సిందల్లా ఆ పేజీ నకలు. అడిగి తీసుకునే హక్కు 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజు నుంచీ ప్రతి పౌరుడికీ ఉంది.

ఇరవయ్యేళ్లు దాటినా ఈ హక్కును వాడుకోవాలనుకున్న చాలామంది తొలి దరఖాస్తుతోనే విసిగిపోతున్నారు. అధికారులు దాచిపెట్టడం ఒక కారణమైతే, ఏ రికార్డు కావాలో దాని పేరుతో అడగకపోవడం మరో కారణం. రెండోదాన్ని మన చేతులతో మనమే సరిచేసుకోవచ్చు.

అడిగే తీరు

'మా వీధికి లైట్లు ఎందుకు వేయలేదు?' అని దరఖాస్తు పెడితే జవాబు రాకపోవచ్చు. అది ఫిర్యాదు. సమాచార అధికారి తన దగ్గరున్న రికార్డును ఇవ్వాలే తప్ప, లేనిదాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ జవాబుపత్రాల కేసులో స్పష్టం చేసింది. అదే మనిషి 'ఫలానా ఏడాది ఏప్రిల్ 1 నుంచి మరుసటి ఏడాది మార్చి 31 వరకు వీధిదీపాల కొనుగోలుకు సంబంధించిన పంచాయతీ తీర్మానం, కొటేషన్లు, ఓచర్లు, స్టాకు రిజిస్టరు పేజీల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు' అని రాస్తే పంచాయతీ కార్యదర్శి తప్పించుకోవడం కష్టం. ఎన్ని దీపాలు కొన్నారో స్టాకు రిజిస్టరు చెబుతుంది. ఎన్ని వెలుగుతున్నాయో వీధిలోకి వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు.

పంచాయతీలో ఏ పైసా కదిలినా ఎక్కడో ఒకచోట నమోదు కావాలి. రోజువారీ రాబడి, ఖర్చు నగదు పుస్తకంలో, ఎవరింటికి ఎంత పన్ను పడిందో డిమాండ్ రిజిస్టరులో, పాలకవర్గం ఏం నిర్ణయించిందో తీర్మానాల పుస్తకంలో ఉంటాయి. తెలంగాణలో పల్లె ప్రగతి కింద పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరు ఏ రోజు ఎంత తిరిగిందో, ఎన్ని లీటర్ల డీజిల్ పోశారో చూడాలంటే లాగ్‌బుక్ అడగాలి. చెత్త బండి రాని రోజులను గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకున్న గృహిణికి ఆ లాగ్‌బుక్ నకలు దొరికితే, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటమే తనిఖీ. పట్టణాల్లోనూ ఇంతే. పురపాలక సంఘంలో పక్కింటి అయిదో అంతస్తుకు అనుమతి ఉందా లేదా అన్నది టౌన్‌ప్లానింగ్ విభాగంలోని ప్లాను ఫైలులో ఉంటుంది.

రోడ్డు ఎం-బుక్ మాత్రం సాధారణంగా పంచాయతీ ఆఫీసులో ఉండదు, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం దగ్గర ఉంటుంది. పొరపాటున కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చినా నష్టం లేదు. తన దగ్గర లేని సమాచారమైతే 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకు పంపి, ఆ సంగతి దరఖాస్తుదారుకు తెలియజేయాలని 6(3) సెక్షన్ చెబుతోంది. 'మా దగ్గర లేదు, వేరే ఆఫీసుకు వెళ్లండి' అని దరఖాస్తు తిప్పి పంపడం చట్టప్రకారం కుదరదు. ఈ ఒక్క సెక్షన్ నంబరు తెలిసినవాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పడం అంత తేలిక కాదు.

ఫీజు గురించి జంకాల్సింది లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005లో తెచ్చిన నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుమే పెట్టలేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, మామూలు సైజు నకలుకు పేజీకి 2 రూపాయలు అని ఖరారు చేసింది. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు ఆధారం జతచేస్తే ఏ రుసుమూ కట్టక్కర్లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పనీ లేదు. చదువురానివాళ్లు నోటితో చెబితే రాసుకోవడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార అధికారిదే. ఊళ్లలో ఎక్కువమందికి తెలియాల్సిన నిబంధన ఇదే, తక్కువమందికి తెలిసిందీ ఇదే.

ఎదురుగా కూర్చుని చూసే హక్కు

స.హ. చట్టం అనగానే నకళ్లే గుర్తొస్తాయి. కానీ ఈ చట్టంలో నకలు కంటే పదునైన హక్కు ఇంకొకటి ఉంది. రికార్డును ఆఫీసులోనే కూర్చుని స్వయంగా చూడొచ్చు, నోట్సు రాసుకోవచ్చు. జరుగుతున్న పనిని తనిఖీ చేయొచ్చు. వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో సహా అడగొచ్చు. కాలువకు వాడిన సిమెంటు మిశ్రమం నాసిరకమని అనుమానం వస్తే వాదించుకోనక్కర్లేదు, ఆ నమూనానే కోరవచ్చు.

మొత్తం ఫైలు నకలు అడిగితే వందల పేజీలకు డబ్బు కట్టమని ఉత్తరం వస్తుంది. పరిశీలనకు అడిగితే తొలి గంట ఉచితం, ఆపైన ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. కాస్త లెక్కలు తెలిసిన ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు పేజీలు తిప్పుతుంటే ఇంకొకరు నంబర్లు రాసుకుంటే ఒక పనికి సంబంధించిన ఫైలు చాలావరకు గంటలో తేలిపోతుంది. ఓచరు తేదీ, చెక్కు తేదీ, ఎం-బుక్‌లో కొలత తేదీ మూడింటినీ ముందు చూడాలి. కొలతకంటే ముందే డబ్బు చెల్లించి ఉంటే ఆ పేజీ నకలు కచ్చితంగా తీసుకోవాలి. తిరగేసిన పేజీల్లో నుంచి కావాల్సినవే ఎంచుకుని అడగొచ్చు కాబట్టి ఖర్చూ తగ్గుతుంది.

భూమి విషయానికొస్తే రికార్డు పేరు తెలియడం మరీ ముఖ్యం. కోస్తా, రాయలసీమల్లో అడంగల్, 1-బి, డైగ్లాట్, ఎఫ్‌ఎంబీ అంటారు. తెలంగాణలో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఏటేటా రాసిన పహాణీలు. ఇప్పటి హక్కుల వివరాలు ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో 2020 నుంచి ధరణి, 2025 నుంచి భూభారతి పోర్టళ్లలో కనిపిస్తాయి. వివాదం వచ్చినప్పుడు నిలబెట్టేది మాత్రం పాత కాగితమే. తాత పేరు ఏ సంవత్సరం వరకు పహాణీలో ఉంది, ఏ సంవత్సరం నుంచి మాయమైంది అన్నది వరసగా నకళ్లు తీసుకుంటే తప్ప తెలియదు. 2020 సెప్టెంబరులో తెలంగాణలో వీఆర్వో వ్యవస్థ రద్దయినప్పుడు వాళ్ల దగ్గరి రికార్డులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కాబట్టి ఇప్పుడు అడగాల్సింది తహశీల్దారు ఆఫీసునే. ధ్రువీకరించిన నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది, పోర్టల్లో తీసిన ప్రింటుకు అంత బలం లేదు.

పేర్లు చదివి వినిపించిన ఊళ్లు

ఈ హక్కు ఢిల్లీలో పుట్టి ఊళ్లకు రాలేదు. ఊళ్లలో పుట్టి ఢిల్లీకి వెళ్లింది. రాజస్థాన్‌లో కరవు పనులకు వెళ్లిన కూలీలకు పూర్తి కూలి దక్కకపోవడంతో, పంచాయతీ లెక్కల్లో ఏముందో చూపించమని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అడగడం మొదలుపెట్టింది. ఐఏఎస్ ఉద్యోగం వదిలి వచ్చిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ 1990లో స్థానికులతో కలిసి స్థాపించిన సంస్థ అది. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి బహిరంగ విచారణ జరిపారు. మస్టరు రోలులో, అంటే కూలీల హాజరు పట్టీలో ఉన్న పేర్లు పైకి చదువుతుంటే ఎదురుగా కూర్చున్న ఊరివాళ్లే సాక్షులు. 'మా డబ్బు, మా లెక్క' అన్నది వాళ్ల నినాదం. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. రాజస్థాన్ చట్టం 2000లో, దేశమంతటికీ చట్టం 2005లో వచ్చాయి.

ఆ సెగ తెలుగునేలకు తగలడానికి ఎంతో కాలం పట్టలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ పనులన్నింటికీ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలంది. దాన్ని కాగితం మీద వదిలేయకుండా రాష్ట్రమంతటా నడిపించిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. 2009లో ఇందుకోసం ప్రత్యేక సొసైటీ ఏర్పాటైంది. దాని డైరెక్టరుగా పనిచేసిన సౌమ్య కిడాంబి రాజస్థాన్ ఉద్యమం నుంచి వచ్చినవారే. కూలీల ఇళ్లలో చదువుకున్న యువతీయువకులు మస్టర్లు పట్టుకుని గడపగడపకూ వెళ్లారు. 'ఈ వారం ఆరు రోజులు పని చేశావని రాశారు, నిజమేనా అక్కా?' అని అడిగి, జవాబు రాసుకుని, చివరికి మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందే చదివి వినిపించారు. స్థానిక రికార్డును జనం చదవడమంటే ఏమిటో దేశానికి చూపించిన పని అది. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోవడం లేదు.

దరఖాస్తు పెట్టకుండానే దొరికేవీ ఉన్నాయి. స.హ. చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసూ 17 అంశాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. బడ్జెట్టు, లబ్ధిదారుల వివరాలు, సమాచార అధికారి పేరు అన్నీ అందులోవే. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న తెచ్చిన ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఊరి పేరు ఎంచుకుంటే పంచాయతీ ప్రణాళిక, చెల్లింపుల వివరాలు ఫోనులోనే కనిపిస్తాయి. ఓచరు నంబరు అక్కడ చూసుకుని, అసలు ఓచరు నకలు కోసం దరఖాస్తు పెడితే 'అలాంటిదేమీ లేదు' అనే వీలుండదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ సొంతూరి మంచి చెడ్డలు పట్టించుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు దరఖాస్తు కూడా పెట్టొచ్చు. అయితే కేంద్రప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్ కేంద్ర శాఖలకే పరిమితం. పంచాయతీకి సంబంధించిన దరఖాస్తు అందులో వేస్తే వృథా.

30 రోజులు దాటితే

గడువు 30 రోజులు. దాటితే సమాచారాన్ని ఉచితంగా ఇవ్వాలి. జవాబే రాకపోతే దాన్ని తిరస్కారంగా భావించి 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా వేయొచ్చు. అందుకే దరఖాస్తును స్పీడ్ పోస్టులో పంపడమో, చేతికిచ్చి ముద్ర వేయించుకోవడమో తప్పనిసరి. తేదీ ఉన్న ఆ రసీదే అప్పీలుకు ఆధారం.

ఇదంతా కమిషన్ ఉంటేనే. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరైనా లేక కమిషన్ ఖాళీగా పడి ఉంది. 2025 మేలో కొత్త ప్రధాన కమిషనరు వచ్చేదాకా రెండో అప్పీళ్లు పేరుకుపోతూనే ఉన్నాయి. జరిమానా వేసేవాళ్లే లేరని తెలిస్తే కింది ఆఫీసులో ఎవరు లెక్కచేస్తారు? ఒక ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేయకుండానే పనిచేయనీయకుండా చేయాలంటే కుర్చీలు నింపకపోతే చాలు. అలా రెండేళ్లు వదిలేయడం క్షమించరాని విషయం.

అడిగినవాళ్లకు ముప్పు కూడా ఉంది. పుణె దగ్గర భూముల అక్రమాలపై రికార్డులు బయటికి తీసిన సతీశ్ శెట్టిని 2010 జనవరిలో చంపేశారు. ఆ ఏడాది జులైలో గుజరాత్‌లో అక్రమ గనుల మీద పోరాడిన అమిత్ జెఠ్వా హత్యకు గురయ్యారు. పెద్దల జోలికి వెళ్లే రికార్డు కావాలంటే ఒక్కరే ముందుకు రావడం మంచిది కాదు. ఊళ్లో పదిమంది విడివిడిగా అదే పేజీ అడిగితే గురి ఒక్కరి మీద పడదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాల్సిన గ్రామసభలో లెక్కలు చదవమని అందరూ కలిసి అడగడం ఇంకా మంచిది.

ఇప్పుడు కొత్త గండం ఒకటి వచ్చింది. వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకపోవడానికి 8(1)(జె) సెక్షన్‌లో ఇదివరకు హద్దులుండేవి. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేనిదైతేనో, అకారణంగా ఒకరి ఏకాంతానికి భంగం కలిగించేదైతేనో ఆపాలి. శాసనసభకు ఇవ్వాల్సినదాన్ని పౌరుడికీ ఇవ్వాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ద్వారా 2023లో చేసిన సవరణ ఈ హద్దులను ఎత్తేసింది. 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అయితే చాలు, కాదనడానికి కారణం దొరికినట్టే. మస్టరు రోలు, పింఛన్ల జాబితా, ఇళ్ల లబ్ధిదారుల జాబితా అన్నిట్లో ఉండేవి మనుషుల పేర్లే. ఆ పేర్లు చదవకపోతే కోట్ కిరానాలో ఏం తేలేది? మన మండలాల ప్రజావేదికల్లో ఏం తేలేది?

దారి పూర్తిగా మూసుకుపోలేదు. మినహాయింపు వర్తించినా, వెల్లడిస్తే కలిగే ప్రజాప్రయోజనం హాని కంటే ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని చెప్పే 8(2) సెక్షన్ అలాగే ఉంది. ఇవ్వకూడని భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలనే 10వ సెక్షనూ ఉంది. ఇకమీదట పేర్లున్న జాబితా అడిగేవాళ్లు దరఖాస్తులోనే ఈ రెండు సెక్షన్లను ప్రస్తావించి, ప్రజాధనం ఎవరికి చేరిందో గ్రామసభ సరిచూసుకోవడానికి ఆ వివరాలు అవసరమని రెండు వాక్యాల్లో రాయడం మేలు. ఆధార్, ఫోను, బ్యాంకు ఖాతా నంబర్లు తమకు అక్కర్లేదని, వాటిని కొట్టేసి ఇవ్వొచ్చని కూడా రాయాలి. ఆ తర్వాత కూడా కాదంటే, కారణమేమిటో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో సమాచార అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. మొదటి అప్పీలుకు జతచేయాల్సిన కాగితం అదే.