“ఇంకా ఉంది” అంటే ఎందుకు నిద్ర పట్టదు?



స్టడీ అవర్లో సోషల్ పుస్తకం మధ్యన పాత చందమామ పెట్టుకొని చదువుతూ దొరికిపోయింది నేనే. ఆ సంగతి అందరికీ తెలుసు. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో నాకు 38 వచ్చాయి. అంతకుముందు 71 వచ్చాయి. నా మూలంగా పుస్తకాల బీరువాకు తాళం పడింది. తప్పు నాదే. కాని అంతగా నన్ను పట్టుకున్నది ఏంది అని ఆలోచించాను. తెలిసింది రాస్తున్నాను.

ముందు ఆ కథల గురించి. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్ళు నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు. చక్రపాణి గారిది మన తెనాలి. చాలా ఏళ్ళు సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. మనం ఎగబడి చదివే సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు కూడా తెనాలి దగ్గర పల్లెటూరిలో 1932లో పుట్టారు. మొదటి సీరియల్ ‘తోకచుక్క’ 1954లో వచ్చింది. తర్వాత మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, ఇట్లా మొత్తం 12 రాశారు. చివరిది భల్లూక మాంత్రికుడు. చాలా వాటికి బొమ్మలు వేసింది చిత్రా గారు. విచిత్రం ఏమిటంటే, సీరియల్ మీద రాసినాయన పేరు వేసేవాళ్ళు కాదు. పిల్లలు నెలనెలా ఎదురుచూసేవాళ్ళు, కాని ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో వాళ్ళకే తెలియదు. దాసరి గారు 2010లో చనిపోయారు. చందమామ ఇప్పుడు రావడం లేదు. మన బీరువాలో ఉన్నవి ఒక మాస్టారు బైండు చేయించి ఇచ్చిన పాత సంచికలు.

ఇప్పుడు అసలు సంగతి. సీరియల్ మనల్ని ఎట్లా పట్టుకుంటుంది?

మొదటిది, ఆపే చోటు. కథ అయిపోయిన చోట ఆపరు, ఆపద వచ్చిన చోట ఆపుతారు. ఉదాహరణకు ఇట్లా అనుకోండి. రాత్రి మన బావి దగ్గర చప్పుడైంది. వంట అక్క టార్చి వేసింది. ఆ వెలుతురులో కనబడినదాన్ని చూసి అక్క చేతిలో టార్చి జారిపోయింది. (ఇంకా ఉంది). చూశారా, ఏం కనబడిందో అని మీకు అనిపించింది కదా. నిజానికి అక్కడ ఏమీ లేదు. నేను ఇప్పుడే కల్పించాను. అయినా మనసు ఊరుకోదు. సగం చెప్పిన మాట చెవిలో దూరిన చీమ లాంటిది.

రెండోది, ప్రతి భాగం మొదట్లో బ్రాకెట్లలో అంతకుముందు జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఉంటుంది. కాబట్టి మధ్యలో మొదలుపెట్టినవాళ్ళు కూడా దిగబడిపోతారు. నేను శిథిలాలయం అట్లాగే మధ్యలో మొదలుపెట్టాను. శిఖిముఖి ఎవరో, విక్రమకేసరి ఎవరో తెలియకుండానే వాళ్ళకేమవుతుందో అని భయపడ్డాను.

మూడోది, ఒక చిక్కు విడిపోయేలోపే ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. అందుకే ‘ఇది అయ్యాక పడుకుంటా’ అంటే అది ఎప్పటికీ అవదు.

ఇది కొత్త ఉపాయం కాదు. వెయ్యిన్నొక్క రాత్రుల కథలో షెహరాజాద్ రాజుకు కథ చెప్పి తెల్లారేసరికి మధ్యలో ఆపుతుంది. మిగతాది వినాలని రాజు ఆమెను చంపకుండా ఉంచుతాడు. మన కాశీమజిలీ కథల్లో పశువుల కాపరి కుర్రవాడు, మజిలీకొక కథ చెబితేనే వెంట వస్తానంటాడు. 1836లో ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ తన మొదటి నవలను నెలనెలా భాగాలుగా అచ్చువేయించాడు. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. కాని ఆమెకూ ఈ ఉపాయం తెలుసు. మిరపకాయలు కోసేటప్పుడు కథ మొదలుపెట్టి, రాక్షసుడు తలుపు కొట్టే చోట ఆపేసి, “ముందు ఈ సాలు కోయండే, ఆ కొసన చెప్తా” అనేది. కథ కోసం మేము గబగబా కోసేవాళ్ళం. చేతులు మండేది కూడా తెలిసేది కాదు.

అక్కడే నా తప్పు నాకు తెలిసింది. అవ్వ సాలుకొక ముక్క చెప్పేది. చందమామ నెలకొక భాగం ఇచ్చేది. మధ్యలో ఆగి, ఏమవుతుందో అని మనమే ఊహించుకోవడం అందులో సగం సంతోషం. నేను బైండు పుస్తకం కనుక సంవత్సరం కథంతా రెండు రాత్రుల్లో బాత్రూం లైటు కింద చదివాను. పండగ అరిసెలన్నీ ఒక్కపూటే తిన్నట్టు అయింది. చివరికి ఎవరు ఎవరిని కాపాడారో కూడా సరిగా గుర్తు లేదు. లెక్కలూ పోయాయి, కథా పోయింది.

సంక్రాంతి సెలవుల తర్వాత తెలుగు మేడం గారు ఒక్క బైండు ఇప్పించారు. షరతు ఏమిటంటే రోజుకు ఒక్క భాగమే, అన్నాలు తిన్న తర్వాత, గట్టిగా అందరికీ వినబడేటట్టు చదవాలి. భాగం అవగానే పుస్తకం మేడం గారికి ఇచ్చెయ్యాలి. 15 రోజులు అట్లా చేశాం. చదవడానికి 20 నిమిషాలు పడుతుంది. తర్వాత అందరం రేపేం జరుగుతుందో చెప్పుకుంటాం. ఐదో తరగతి చెల్లెళ్ళు మొదట వినేవాళ్ళే. ఇప్పుడు “అక్కా, బ్రాకెట్లో ఉన్నది నేను చదువుతా” అని పోట్లాడుతున్నారు. కూడబలుక్కొని చదివినా ఎవరూ నవ్వడం లేదు.

వాళ్ళలో ఒక చెల్లిని వాళ్ళ నాన్న మిరప కోతలకు తీసుకుపోయాడు. మా ఇంట్లో కూడా బడికి వచ్చింది నేనే మొదలు, కాబట్టి ఆ కోతలు ఎట్లాంటివో నాకు తెలుసు. ఒకసారి పోయినవాళ్ళు చాలామంది తిరిగి రారు. మేడం గారు వాళ్ళ ఊరికి పోయి మాట్లాడి వచ్చారు. ఎనిమిది రోజులకు చెల్లి వచ్చింది. కథ కోసమే వచ్చిందని నేను అనను. కాని పెట్టె కింద పెట్టకముందే, “అక్కా, యాడిదాకా అయింది?” అని అడిగింది. ఆ ఎనిమిది భాగాలు ఆదివారం కూర్చోబెట్టి చదివించాను. ఆరింటిని తనే చదివింది.

వార్డెన్ మేడం గారికి మనవి. బీరువా తాళం రోజూ అరగంట తీయించండి. పుస్తకాల లెక్క నేను రాసి పెడతాను. స్టడీ అవర్లో కథల పుస్తకంతో మళ్ళీ దొరికితే నాకు మాత్రమే శిక్ష వేయండి, అందరికీ వద్దు.

చెల్లెళ్ళకు ఒక మాట. “ఇంకా ఉంది” అని కనబడగానే పేజీ తిప్పకండి. పుస్తకం మూసి, ఏమవుతుందో మీరే ఒక కాగితం మీద రాయండి. మర్నాడు సరిచూసుకోండి. మీరు రాసిందే బాగుంటే వచ్చే గోడపత్రికలో వేద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని