గోదావరి అడుగున పాత పగుళ్లు

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో నేల అదిరింది. తీవ్రత 5.3. హైదరాబాద్, విజయవాడల్లోనూ జనం ఉలిక్కిపడ్డారు. దక్కను గట్టి నేల, మనకేం భయం లేదని చిన్నప్పటి నుంచీ వింటున్న మాట ఆ పూట కాస్త పలచబడింది. నిజానికి అది అప్పటికే పలచబడాల్సిన మాట. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గరా ఇలాంటి భూకంపమే వచ్చింది. రెండూ గోదావరి లోయలోవే.

అక్కడే ఎందుకంటే, ఆ లోయ పుట్టుకే ఒక పగులు. ఇరవై ఏడు కోట్ల ఏళ్ల కిందట భారత్, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవి. గోదావరి వెంట ఆ నేల సాగి, రెండు వైపులా నిలువునా పగిలి, మధ్య భాగం కుంగింది. కుంగిన చోట అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. ఇవాళ సింగరేణి తవ్వుతున్నది ఆ అడవినే.

ఆ కాలపు పొరల్లో గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు దొరుకుతాయి. నాలుక ఆకారం, నడుమ లావాటి ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. దక్షిణ ధ్రువం చేరి తిరిగొస్తూ 1912లో ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాట్ బృందం, ఆకలితో మాడుతూ కూడా దాదాపు 16 కిలోల రాళ్లను బండి మీద లాక్కొచ్చింది. శవాలున్న గుడారం దగ్గర దొరికిన ఆ రాళ్లలో ఇదే ఆకు ఉంది. అంటే ఆ నేలా మన నేలా ఒకప్పుడు కలిసే ఉన్నాయన్నమాట. ఖండాలు కదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ ప్రకటించిందీ ఆ ఏడాదే. కదిలించే బలమేదో ఆయన నమ్మదగ్గట్టు చెప్పలేకపోయాడు. దాంతో పెద్దలు కొట్టిపారేశారు, యాభై ఏళ్లపాటు.

ఆ బలం జాడ భూమి లోపల ఉంది. లోపలికి వెళ్లి చూసిన వాళ్లు లేరు. మనిషి తవ్విన అతి లోతైన బోరు, రష్యాలోని కోలాది, 12 కిలోమీటర్లే. లోపలి కబురు మోసుకొచ్చేవి భూకంప తరంగాలే. మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఓల్డామ్ 1897 షిల్లాంగ్ భూకంపాన్ని పరిశీలించి ఆ తరంగాల్లో రకాలను విడదీశాడు. 1906లో వాటి ఆధారంగానే భూమికి కేంద్రకం ఉందని తేల్చాడు. అది 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుంది. దాని పై భాగం కరిగిన ఇనుము. మన కాళ్ల కింది పొరకూ దానికీ మధ్య ఉన్నది మాంటిల్. చాలామంది అనుకున్నట్టు అది లావా సముద్రం కాదు, రాయే. కాకపోతే తారుగడ్డ లాంటి రాయి: సుత్తితో కొడితే పగులుతుంది, ఏళ్ల తరబడి వేడిలో ఉంటే సాగుతుంది. దాని మీదే ఖండాలనూ సముద్రాలనూ మోసే పెద్ద రాతి పలకలు కదులుతాయి. సముద్రపు అడుగు పాతబడి, చల్లబడి, బరువెక్కి మాంటిల్‌లోకి దిగుతూ వెనకున్న పలకను లాగుతుంది. ప్రధాన బలం అదే.

భారత పలక పదమూడు కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికాను వదిలింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటి పరుగెత్తింది. అంత వేగం ఎలా వచ్చింది? మిగతా గోండ్వానా ముక్కలు 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉంటే, మనది సుమారు వందే కాబట్టి అని 2007లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు జర్మన్ సహచరులతో కలిసి ప్రతిపాదించారు. ఐదు కోట్ల ఏళ్ల కిందట మన పలక ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపింది. ఆగలేదు, ఇప్పటికీ ఏడాదికి ఐదు సెంటీమీటర్లు తోస్తూనే ఉంది. ఆ తోపు పలకంతా పాకుతుంది. ఎక్కడ పాత పగులుంటే అక్కడ నేల జారుతుంది.

ఈ పగుళ్లు హిమాలయాల్లో లాగా తరచూ కదలవు. అదే మనల్ని ఏమరుస్తుంది. 1993లో భూకంపం వచ్చిన లాతూరుదీ దక్కను నేలే. మట్టిలో పేర్చిన రాతి గోడలు కూలి దాదాపు పది వేల మంది పోయారు. గోదావరి లోయలో ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీని ఒక్క మాట అడగండి: పునాది మీదా, కిటికీల పైనా చుట్టూ తెగకుండా కాంక్రీటు బెల్టు వేస్తున్నాడా, లేదా? ఖర్చు తగ్గుతుందని దాన్ని మాత్రం వదిలేయకండి.