పవర్‌షెల్ ఓపెన్ కావడానికి లేట్ అవుతోందా? మీ ప్రొఫైల్‌లో ఈ లైన్లు తీసేయండి

కొత్త ల్యాప్‌టాప్, మంచి ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్. అయినా పవర్‌షెల్ ఓపెన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద కర్సర్ అలా నిలబడిపోతుంది. నాకూ ఇదే ప్రాబ్లమ్. తీరా చూస్తే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, నాదే. కనిపించిన ప్రతి వీడియో నుంచి ఒక్కో ఇంపోర్ట్-మాడ్యూల్ లైన్ తెచ్చి ప్రొఫైల్‌లో పేస్ట్ చేసుకుంటూ పోయాను. మొత్తం పదకొండు లైన్లు. వాటిలో తొమ్మిది అసలు అక్కర్లేదు!

ముందు ప్రొఫైల్ అంటే ఏంటో చూద్దాం. పవర్‌షెల్ స్టార్ట్ అయిన ప్రతిసారీ దానంతట అదే రన్ చేసే స్క్రిప్ట్ ఫైల్ ఇది. మీ షార్ట్‌కట్‌లు, ప్రాంప్ట్ సెట్టింగ్స్, మాడ్యూల్స్ అన్నీ ఇందులో రాసుకోవచ్చు. ఫైల్ ఎక్కడుందో తెలియాలంటే $ప్రొఫైల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్‌లోనే.) విండోస్‌తో పాటు వచ్చే 5.1 వెర్షన్‌కు ఒక ఫైల్, మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న పవర్‌షెల్ 7కు ఇంకో ఫైల్ ఉంటాయి. ఒకదానిలో రాసింది రెండోదానిలో పనిచేయదు. "నేను సేవ్ చేశాను కదా, ఎందుకు రావట్లేదు" అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ అవుతుంటే ప్రొఫైల్ పాత్ కూడా అక్కడికే మారుతుంది. అందుకే ఫోల్డర్లలో వెతకకుండా $ప్రొఫైల్‌నే అడగడం బెటర్.

చాలా సిస్టమ్స్‌లో ఈ ఫైల్ మొదట ఉండనే ఉండదు, మనమే క్రియేట్ చేసుకోవాలి. ఇక్కడ కొంచెం జాగ్రత్త. న్యూ-ఐటమ్ కమాండ్‌ను -ఫోర్స్‌తో రన్ చేయమని చాలాచోట్ల చెబుతారు. ఫైల్ లేకపోతే ఓకే. కానీ అప్పటికే ఉంటే, ఏమీ అడగకుండా దాన్ని ఖాళీ చేసేస్తుంది. నేను ఒకసారి రెండేళ్ల ప్రొఫైల్‌ను ఇలాగే ఒక్క ఎంటర్‌తో తుడిచేసుకున్నాను. కాబట్టి ముందు టెస్ట్-పాత్ $ప్రొఫైల్ కొట్టండి. ఫాల్స్ అని వస్తేనే కొత్త ఫైల్ చేయండి. 5.1లో ప్రొఫైల్ రన్ కాకుండా స్క్రిప్టులు డిజేబుల్ అయ్యాయని ఎర్ర అక్షరాలు వస్తే, సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీతో రిమోట్‌సైన్డ్ పెట్టండి. స్కోప్ కరెంట్‌యూజర్ అని ఇస్తే మీ అకౌంట్ వరకే మారుతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. 2012లో వచ్చిన పవర్‌షెల్ 3.0 నుంచే మాడ్యూల్స్ ఆటోమేటిక్‌గా లోడ్ అవుతున్నాయి. ఒక మాడ్యూల్‌లోని కమాండ్ టైప్ చేస్తే చాలు, పవర్‌షెల్ ఆ మాడ్యూల్ ఎక్కడుందో వెతికి, లోడ్ చేసి, కమాండ్ రన్ చేస్తుంది. అంటే వాడినప్పుడే ఖర్చు. ప్రొఫైల్‌లో ఇంపోర్ట్ రాస్తే మాత్రం వాడినా వాడకపోయినా ప్రతి కొత్త ట్యాబ్‌కూ ఆ టైమ్ కట్టాల్సిందే. దీనికి కండిషన్ ఒక్కటే: మాడ్యూల్ ఫోల్డర్ పీఎస్‌మాడ్యూల్‌పాత్ లిస్టులో ఉండాలి. ఇన్‌స్టాల్-మాడ్యూల్‌తో దింపుకున్నవి ఎలాగూ అక్కడికే వెళ్తాయి.

మరి ఇంపోర్ట్ లైన్ ఎవరికి కావాలి? మీరు కమాండ్ కొట్టకుండానే పనిచేయాల్సిన మాడ్యూల్స్‌కు. టెర్మినల్-ఐకాన్స్ సంగతే తీసుకోండి. అది ఫైల్ లిస్టు కనిపించే తీరునే మారుస్తుంది. మీరు కొట్టేది మామూలు ఎల్ఎస్సే కాబట్టి, ఈ మాడ్యూల్‌ను లోడ్ చేయాలని పవర్‌షెల్‌కు తెలిసే దారి లేదు. పోష్-గిట్ కూడా అంతే, ప్రాంప్ట్‌లో బ్రాంచ్ పేరు చూపించాలంటే ముందే లోడ్ కావాలి. మీ సొంత మాడ్యూల్ ఏ డీ డ్రైవ్‌లోనో వేరే ఫోల్డర్‌లో ఉంటే దానికీ ఫుల్ పాత్‌తో ఇంపోర్ట్ రాయాలి. పీఎస్‌రీడ్‌లైన్‌కు మాత్రం అక్కర్లేదు, కన్సోల్ తానే తెచ్చుకుంటుంది. నా ప్రొఫైల్‌లో చివరికి మిగిలినవి మొదటి రెండే.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడండి. మెజర్-కమాండ్ లోపల పవర్‌షెల్‌ను ఒకసారి మామూలుగా, ఇంకోసారి -నోప్రొఫైల్‌తో స్టార్ట్ చేసి ఎగ్జిట్ చేయించండి. రెండింటి మధ్య తేడాయే మీ ప్రొఫైల్ తింటున్న టైమ్. పవర్‌షెల్ 7 అయితే ప్రొఫైల్ లోడింగ్ 500 మిల్లీసెకన్లు దాటితే, ఎంత పట్టిందో ఓపెన్ కాగానే చూపిస్తుంది కూడా. తర్వాత ఒక్కో లైన్ ముందు # పెట్టి ఆపుతూ వెళ్తే దొంగ దొరికిపోతాడు.

ఇంకొక్క విషయం. స్క్రిప్ట్ రాసేటప్పుడు "మాడ్యూల్ నా ప్రొఫైల్‌లో లోడ్ అవుతోంది కదా" అని వదిలేయకండి. మీ దగ్గర బాగానే నడుస్తుంది. అదే స్క్రిప్ట్ ఫ్రెండ్‌కు పంపినా, టాస్క్ షెడ్యూలర్‌లో వేరే అకౌంట్ కింద పెట్టినా అక్కడ మీ ప్రొఫైల్ ఉండదు, మధ్యలో ఆగిపోతుంది. స్క్రిప్టుకు ఏ మాడ్యూల్ కావాలో దాని మొదటి లైన్‌లోనే #రిక్వైర్స్‌తో రాసేయండి. మాడ్యూల్ లేని సిస్టమ్‌లో పని సగం చేసి ఆగకుండా, మొదట్లోనే ఏది లేదో చెప్పి ఆగుతుంది.