ముద్దపూవులు

ఉన్నత పాఠశాలలో పుష్పభాగములను బోధించుటకు ఉపాధ్యాయులు సాధారణముగ మందారపూవును తెమ్మందురు. పూవు పెద్దది, భాగములు స్ఫుటముగ కనబడును, చాల పెరళ్లలో దొరకును. కాని విద్యార్థి తెచ్చినది ముద్దమందారమైనచో చిక్కు వచ్చును. పుస్తకములోని పటమున ఐదు ఆకర్షణపత్రములు, వాని నడుమ కేసరములతో నిండిన పొడవైన నాళము ఉండును. చేతిలోని పూవున రేకల గుంపే కాని ఆ నాళము సరిగా కానరాదు. మరి కేసరములు ఏమైనవి?

అవి రేకలుగ మారినవి. ముద్దమందారమును ఓపికతో విప్పి, లోపలి రేకలను ఒక్కొక్కటిగ పరిశీలింపుడు. కొన్నిటి అంచున చిన్న పరాగకోశము అంటియుండును. అది సగము రేక, సగము కేసరము. తోటగులాబిలోను ఇట్టి నడిమి రూపములు దొరకును. అడవిగులాబి జాతులలో పెక్కింటికి రేకలు ఐదే. కేసరములు మాత్రము అనేకము.

జర్మను కవి గేటే 1790లో వెలువరించిన గ్రంథమున ఆకు, రేక, కేసరము మున్నగునవన్నియు ఒకే మూలావయవము యొక్క మార్పులని వాదించెను. ముద్దపూవులు ఆయన చూపిన సాక్ష్యములలో నొకటి. ఇది కవి ఊహ మాత్రమే యని తోసివేయరాదు. రెండు వందల యేండ్ల తరువాత, 1991లో, కోయెన్, మెయెరోవిట్జ్ అను శాస్త్రజ్ఞులు దీని మర్మమును వివరించిరి. ఆవాల కుటుంబపు చిన్న మొక్కయగు అరబిడాప్సిస్, తోటలలో పెంచు స్నాప్‌డ్రాగన్ వారి పరిశోధనకు ఆధారములు. పూవులోని ఏ వలయమున ఏ అవయవము పుట్టవలెనో మూడు తరగతుల జన్యువులు నిర్ణయించును. వానిని ఏ, బి, సి అందురు. ఏ, బి కలిసి పనిచేసిన చోట రేక, బి, సి కలిసిన చోట కేసరము, సి ఒక్కటే యున్న చోట అండకోశము ఏర్పడును. సి పని చేయనిచో ఏ లోపలికి వ్యాపించును. అపుడు కేసరము రావలసిన చోట రేక వచ్చును. అండకోశమునకు మారుగ లోపల మరియొక పూవే ఆరంభమగును!

ఈ అందమునకు మొక్క చెల్లించు వెల తక్కువది కాదు. కేసరములు తగ్గినకొలది పుప్పొడి తగ్గును. దట్టమైన రేకలు తేనెటీగకు దారి నీయవు. ముద్దమందారమును కొమ్మ నాటియే పెంచుచున్నాము. ఒంటిరెక్క మందారము కూడ మన తోటలలో కాయుట అరుదే; కనుక నేరమంతయు రేకలపై మోపుట న్యాయము కాదు. ఏమైనను, ఒకే తల్లి కొమ్మల నుండి వచ్చిన మొక్కలన్నిటికి జన్యువులు ఒకటే. ఒక తెగులు ఒకదానిని లొంగదీసినచో తక్కినవియు లొంగు ప్రమాదము కలదు.

ముద్దబంతి కథ వేరు. మెక్సికో ప్రాంతము నుండి వచ్చిన బంతిలో మనము ఒక పూవనుకొనునది నిజమునకు అనేక చిన్న పూవుల గుంపు. రేకబంతిలో అంచున రేకవంటి కిరణపుష్పకములు, నడుమ గొట్టమువంటి చక్రపుష్పకములు ఉండును. ముద్దబంతిలో నడిమివాని స్థానమును కూడ చాలవరకు కిరణపుష్పకములే ఆక్రమించును. ఇవి ఆడపూవులు, కేసరములు లేవు, అండాశయము కలదు. అందుచే మిగిలిన చక్రపుష్పకముల నుండి కాని, ప్రక్కనున్న రేకబంతి నుండి కాని పుప్పొడి అందినచో విత్తు కట్టును. ఎండిన బంతిరేకను మట్టిలో గ్రుచ్చగా మొక్క మొలచుట పిల్లలెరిగినదే. మొలచునది రేక కాదు, దాని అడుగున నంటియున్న సన్నని నల్లని గింజ.